ఛార్జర్ తీస్తే ఆగిపోతోందా?

"అంకుల్, ఛార్జర్ తీస్తే చాలు, ఆగిపోతోంది" అంటూ మా వీధి చివరింటి అమ్మాయి ల్యాప్‌టాప్ సంచీ నా బల్ల మీద పెట్టింది. బీటెక్ మూడో ఏడు చదువుతోంది. వాళ్ల నాన్న సెంట్రింగ్ పని చేస్తాడు. మూడేళ్ల కిందట చీటీ పాడి, ఆ డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్ అది. నా దగ్గరికి రాకముందే ఒక దుకాణంలో చూపించారట. మదర్‌బోర్డు పోయిందనీ, మార్చడానికి 12,000 అవుతుందనీ చెప్పారట. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల గొంతు సన్నబడింది.

నేను స్క్రూడ్రైవర్ తీయలేదు. "తీసిన క్షణంలోనే ఆగుతుందామ్మా, కాసేపయ్యాకా?" అని అడిగాను.

"కాసేపయ్యాకే. నోట్స్ టైపు చేసుకుంటుంటే బాగానే ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసులో వీడియో ఆన్ చేశానంటే పోతుంది. అప్పటికి బ్యాటరీ 40 శాతం పైనే చూపిస్తుంటుంది."

"ఆగే ముందు తెర మీద ఏమైనా వస్తుందా?"

"ఏమీ రాదు. ఇంట్లో కరెంటు పోయినట్టు టక్కున నల్లబడిపోతుంది."

సగం రోగం ఆ మాటల్లోనే దొరికింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు ఇదే చెప్పేవారు: మూత విప్పే ముందు మనిషి చెప్పేది పూర్తిగా విను. ఇరవై ఏళ్ల తర్వాత కూడా నాకు పనికొచ్చే మొదటి పనిముట్టు అదే.

ఎందుకంటే ఆగిపోవడంలో రకాలున్నాయి. ఛార్జర్ పిన్ను పీకిన క్షణంలోనే ఆగిందంటే బ్యాటరీ నుంచి కరెంటు అసలు రావడం లేదన్నమాట. బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉండాలి, లోపలి కనెక్టరు సరిగా కూర్చుని ఉండకపోవాలి, లేదా అడాప్టర్ నుంచి బ్యాటరీకి మార్చే భాగం బోర్డు మీద కాలి ఉండాలి. మదర్‌బోర్డును అనుమానించాల్సింది అప్పుడు. సందేశం చూపించి పద్ధతిగా మూసుకుంటే అది విండోస్ తీసుకున్న నిర్ణయం, సెట్టింగుల్లో వెతకాలి. ఈ అమ్మాయిది మూడో రకం. తేలిక పనికి నిలబడి, బరువు పడగానే కూలిపోతోంది.

మరి 40 శాతం మాటేమిటి? చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆ అంకె ఒక అంచనా. బ్యాటరీలోని చిన్న చిప్పు లోపలికెంత కరెంటు వెళ్లింది, బయటికెంత వచ్చింది అని లెక్క కట్టి చెప్పే మాట. సరుకు ఎంత మిగిలిందో అది చెబుతుంది గానీ, ఆ సరుకును ఒక్కసారిగా అందించే సత్తా ఉందో లేదో చెప్పదు.

పల్లెలో పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లైను చివరి ఇంట్లో బల్బు మామూలుగానే వెలుగుతుంటుంది. పక్క చేనులో బోరు మోటారు వేశారో, బల్బు గుడ్డిదీపమైపోతుంది. కరెంటు పోలేదు. పొడుగాటి సన్నటి తీగ అంత లాగుడును తట్టుకోలేక వోల్టేజీ పడిపోయింది. ముసలిదైన బ్యాటరీలో జరిగేదీ ఇదే. వయసు పెరిగేకొద్దీ సెల్లు లోపల కరెంటుకు అడ్డు పెరుగుతుంది. వీడియో మొదలవగానే ప్రాసెసర్ గుటకలు మింగినట్టు కరెంటు లాగుతుంది, వోల్టేజీ జారిపోతుంది. ఛార్జర్ తగిలించి ఉంటే ఆ బరువును 65 వాట్ల అడాప్టర్ మోస్తుంది కాబట్టి లోపం బయటపడదు.

చెప్పి ఊరుకోకుండా అమ్మాయికి చూపించాను. ముందు విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టు తీశాం. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే చాలు, ఫైలు తయారవుతుంది. కొత్తలో సామర్థ్యం 41,000 మిల్లీవాట్ అవర్లు. ఇప్పుడు 29,500. అంటే ఇంకా 70 శాతం పైనే ఉంది. ఈ కాగితం చూసినవాళ్లు బ్యాటరీ బాగానే ఉందనుకుని బోర్డు మీద పడతారు.

తర్వాత వోల్టేజీ చూపించే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఛార్జర్ తీశాను. ఇందులో మూడు సెల్లు వరుసగా ఉంటాయి. ఒక్కోటి 3.7 చొప్పున 11.1 వోల్టులు. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా అంతే చూపించింది. "ఇప్పుడు వీడియో పెట్టమ్మా" అన్నాను. 10.6. 10.2. ఫ్యాను గిర్రున తిరిగింది. 9.7 కనిపించింది, మరుక్షణం తెర నల్లబడింది. సగటు చూస్తే ఒక్కో సెల్లుకు 3.2 వోల్టులున్నట్టే. కానీ ప్యాకులోని రక్షణ సర్క్యూట్ సగటు చూడదు, ఒక్కో సెల్లును విడిగా కనిపెట్టుకుని ఉంటుంది. సాధారణంగా 2.5 నుంచి 3 వోల్టుల మధ్య దానికొక హద్దు. మూడింట్లో ఒక్కటి ఆ హద్దు దాటి కిందికి జారినా మొత్తం ప్యాకును కోసేస్తుంది. అలా కోయడం మన మేలుకే. అంతకన్నా లోతుకు దించితే సెల్లు పాడై, తర్వాత ఛార్జింగ్‌లో ప్రమాదం తెస్తుంది.

రూఢి చేసుకోవడానికి ఇంకొక్క పరీక్ష. పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 50 శాతానికి తగ్గించి, మళ్లీ అదే వీడియో పెట్టించాను. ఇరవై నిమిషాలు నడిచింది, ఆగలేదు. అడాప్టర్ మీద పూర్తి బరువు మోస్తోంది, బ్యాటరీ మీద తేలిక బరువు మోస్తోంది. ఇక బోర్డులో తప్పెక్కడుంది? బ్యాటరీ మారిస్తే సరిపోయింది, 3,200 అయింది. 12,000 పెట్టి బోర్డు మార్చి ఉంటే పాత బ్యాటరీతో మళ్లీ అలాగే ఆగేది. ఆ ఇంట్లో 12,000 అంటే ఎన్ని రోజుల కూలో నాకు తెలుసు. చూడకుండా తీర్పు చెప్పడం మా వృత్తిలో నేను క్షమించలేని తప్పు.

బ్యాటరీ మూడేళ్లకే ఎందుకు ముసలిదైందో కూడా ఆ అమ్మాయే చెప్పింది. హాస్టల్లో మంచం మీద, దుప్పటి మీద, రాత్రింబవళ్లు ఛార్జర్ తగిలించే ఉంచిందట. మా ఖమ్మం ఎండల్లో, గాలి ఆడని చోట, ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉండటం లిథియం సెల్లుకు శత్రువు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటుంది. కొత్త బ్యాటరీ వేసిన రోజే అది పెట్టించి పంపాను.

టచ్‌ప్యాడ్ నొక్కితే దిగకపోయినా, బల్ల మీద పెడితే అడుగుభాగం సమంగా ఆనక ఊగినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు పరీక్షలేమీ వద్దు. ఆపేసి, ఛార్జర్ తీసేసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. పొడవకండి, చెత్తబండిలో వేయకండి. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

మీ ల్యాప్‌టాప్ కూడా ఇలా ఆగుతుంటే, దుకాణానికి వెళ్లే ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఛార్జర్ తీసిన ఎంతసేపటికి ఆగింది, ఏ పని చేస్తుండగా, ఎంత శాతం దగ్గర, చెప్పి ఆగిందా చెప్పకుండానా. ఆ కాగితం రిపేరు చేసేవాళ్ల చేతికివ్వండి. చదవకుండా పక్కన పెట్టేస్తే, ఇంకో దుకాణం చూసుకోండి.