పాత పరుగుతోనే పోటీ

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ అనగానే మనకు పి.టి. ఉష, సెకనులో నూరో వంతు తేడాతో చేజారిన ఆ పతకం గుర్తొస్తాయి. అవే పోటీల్లో, ఆగస్టు 5న, మహిళలు మొదటిసారి ఒలింపిక్ మారథాన్ పరుగెత్తారు. అంతవరకు ఒలింపిక్స్‌లో వాళ్లకు దక్కిన అతి పెద్ద దూరం 1,500 మీటర్లే. ఆ తొలి మారథాన్ స్వర్ణం అమెరికన్ జోన్ బెనాయిట్‌ది. నా దృష్టిలో ఆ స్వర్ణం ఆమె కథలో సగమే.

స్కీయింగ్‌లో కాలు విరిగి, కోలుకోవడానికి పరుగు పట్టిన అమ్మాయి ఆమె. 1979లో, మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ కాలేజీలో చదువుతూ, 21 ఏళ్లకే బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 35 నిమిషాల 15 సెకన్లలో గెలిచింది. అక్కడి మహిళల రికార్డు ఒక్క దెబ్బకు ఏడు నిమిషాలు తగ్గింది. నాలుగేళ్ల తర్వాత అదే దారిలో 2:22:43తో ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

లాస్ ఏంజెలెస్‌లో ఆమె చేసిన పని చాలామంది కోచ్‌లు వద్దనేదే. మారథాన్‌లో గుంపు వెనక ఉంటే గాలి దెబ్బ తగలదు, వేగం గురించి ఆలోచించే భారమూ తగ్గుతుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక కండరాల్లో నిల్వ ఉన్న శక్తి అడుగంటుతుంది కాబట్టి ముందే విడిపోయినవాళ్లకు చివర్లో కష్టాలు తప్పవు. ఆమె మాత్రం అయిదో కిలోమీటరు దాటీ దాటకముందే గుంపును వదిలేసింది. గుంపు నడక ఆమెకు మరీ నిదానంగా ఉంది, అంతే. నార్వే దిగ్గజం గ్రేటే వైట్జ్ సహా ఎవరూ వెంటపడలేదు, అలిసిపోయి దొరుకుతుందనుకున్నారు. దొరకలేదు. కిలోమీటరుకు 3 నిమిషాల 26 సెకన్ల సగటుతో 2:24:52కి ముగించింది. వైట్జ్ నిమిషంన్నర వెనక. ఇదంతా మోకాలి శస్త్రచికిత్స జరిగిన 17 రోజులకే ఎంపిక పోటీ గెలిచి సంపాదించుకున్న అవకాశం! తన వేగమేదో తనకు తెలిసి, దానికే కట్టుబడడమే ఆమె విద్య.

వయసు మీదపడ్డాక ఆ విద్య ఇంకా పదునెక్కింది. గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం తగ్గుతుంది, ఒళ్లు వాడుకోగల ఆక్సిజనూ తగ్గుతుంది, అలిసిన కండరం తేరుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కుర్రవాళ్లతో పోటీపడి గెలవడం ఇక కుదరదు. అప్పుడు ఆమె తన పాత సమయాలనే ప్రత్యర్థులుగా పెట్టుకుంది. 2008లో 50 ఏళ్ల వయసులో ఒలింపిక్ ఎంపిక పోటీలో 2:49:08 పరుగెత్తింది, అంటే కిలోమీటరుకు నాలుగు నిమిషాలు. స్వర్ణం నాటి వేగానికి ఇరవై నాలుగేళ్ల తరుగు కిలోమీటరుకు 34 సెకన్లే. 2019లో బోస్టన్‌కు మళ్లీ వచ్చి, తొలి గెలుపు జరిగి నలభై ఏళ్లయింది కాబట్టి ఆనాటి సమయానికి నలభై నిమిషాల లోపు ముగించాలని లెక్క పెట్టుకుంది. 61 ఏళ్ల మనిషి 3 గంటల 4 నిమిషాలకు గీత దాటింది. తేడా 29 నిమిషాలు కూడా లేదు.