సశేషం

కిందటేడు జనవరి 1న ఈ కాలమ్ రాసే మనిషి కొత్త డైరీ తెరిచి ‘ఈ ఏడాది 24 నవలలు’ అని రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాడు. నెలకు రెండు. లెక్క చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఉగాదికి మూడయ్యాయి, దసరాకి తొమ్మిది. డిసెంబరులో బీరువా ముందు నిలబడి ఇతగాడు చేసిన పని చెప్పుకుంటే సిగ్గుచేటు. పుస్తకం పేరు చూడటం మానేసి మందం చూడటం మొదలుపెట్టాడు. చలం ‘మైదానం’ మూడోసారి బయటికొచ్చింది, సన్నగా ఉంటుంది కాబట్టి. దాని పక్కనున్న ‘వేయిపడగలు’ మీద దుమ్ము దుమ్ములాగే ఉంది.

గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల వెబ్‌సైటులో జనం ఏటా పెట్టుకునే లక్ష్యాలదీ ఇదే తంతు. ఆ లెక్కలో మైదానమూ ఒకటే, వేయిపడగలూ ఒకటే. నిమ్మకాయనీ గుమ్మడికాయనీ ఒకే ధరకి అమ్మే కొట్టు ఎక్కడైనా ఉందా?

ఇతగాడి అమ్మ ఏడాదికి ఇన్ని చదవాలని ఏనాడూ అనుకోలేదు. అయినా ఆవిడ చదివినన్ని నవలలు ఇతగాడు చదవలేదు. వారపత్రిక రాగానే ముందు సీరియల్ చదివేది. అందరి చేతులూ తిరిగొచ్చాక ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచేది. నవల పూర్తయ్యాక దబ్బనంతో మూడు చిల్లులు పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. అలాంటి కట్ట ఒకటి ఇప్పటికీ ఇంట్లో ఉంది. మధ్యలో పేజీల వెనక సగం ఆవకాయ కొలతలు, సగం జోకు. ఒకచోట పెన్సిలుతో ‘12వ భాగం పక్కింటివాళ్లు ఇవ్వలేదు’ అని ఆవిడ రాతే. ఆ వారం కథలో ఏం జరిగిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ దబ్బనం చూస్తే ఒక సంగతి తడుతుంది. తెలుగు నవల పుట్టుకే వాయిదాల్లో. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ముందు ఆయన ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగానే వచ్చింది. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్. వైద్యురాలిగా పనిచేస్తూ ఆమె రాసిన ఒకే ఒక్క నవల అది. 1961లో ఆమె పోయారు. యద్దనపూడి ‘సెక్రటరీ’ ‘జ్యోతి’ మాసపత్రికలో, యండమూరి ‘తులసిదళం’ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో అలాగే వచ్చాయి. వారానికి ఎన్ని పేజీలు చదవాలో పాఠకుడు నిర్ణయించుకోలేదు, సంపాదకుడే కోసి పెట్టాడు. ‘సశేషం’ అన్న మాట దగ్గర ఆగాలి, మళ్లీ వారం దాకా ఎదురుచూడాలి. అద్దె పుస్తకాల కొట్టు ఇంకా గడుసుది. రోజు పెరిగితే అద్దె పెరుగుతుంది కనక రాత్రంతా లైటు వెలిగేది. చివరి పేజీ చిరిగిపోయిన నవలలు ఆ కొట్టు పుణ్యమే.

పత్రికలో సీరియళ్లు పల్చబడ్డాయి, అద్దె కొట్లు సెల్‌ఫోను రీచార్జి దుకాణాలయ్యాయి. కోసి పెట్టేవాడు లేడు గనక ఇతగాడు ఈ ఏడాది తనకి తానే సంపాదకుడయ్యాడు. డైరీలో పుస్తకాల సంఖ్య లేదు. రాత్రి భోజనమయ్యాక 15 పేజీలు, ఫోను పక్కగదిలో ఛార్జింగుకి. అంతే ఒప్పందం.

మొదట సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ పట్టుకున్నాడు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన నవల, 2021లో సినిమా కూడా అయింది. కరువుకి తాళలేక గొర్రెల మందలను నల్లమల అడవికి తోలుకెళ్లే కథ. మొదటి రాత్రి 15 పేజీలకి గంట పైనే పట్టింది. గొర్రెల కాపరుల మాటలు, కడప జిల్లా యాస, ఒకదాని వెనక ఒకటిగా మనుషుల పేర్లు. రెండో రాత్రి ముప్పావుగంట. అయిదో రాత్రికి యాస చెవికెక్కింది, అడవి దారి తెలిసింది, 15 దగ్గర ఆగటం కష్టమైంది.

కిందటేడు తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడర్థమైంది. ఏ నవలకైనా మొదటి యాభై పేజీలు ప్రవేశ రుసుం. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఊరు ఎటుందో, రచయిత గొంతు ఎలాంటిదో తెలుసుకోవడానికి కట్టే సుంకం. రోజూ చదివేవాడు దాన్ని ఒక్కసారి కడతాడు. ఆదివారం నూరు పేజీలు చదివి పది రోజులు మూసిపెట్టేవాడు తెరిచిన ప్రతిసారీ కడతాడు, ఆ తరవాత నవల సాగటం లేదని రచయితని తిడతాడు. ఇతగాడు తిట్టాడు కూడా.

నచ్చనిదాన్ని వదిలేసే హక్కు కూడా ఈసారి రాసుకున్నాడు. ఇప్పటికి రెండు వదిలేశాడు. పేర్లు చెప్పడు, ఆ రచయితల దగ్గర ఇతగాడి ఫోను నంబరుంది.

ఆ తరవాత దుమ్ము దులిపి ‘వేయిపడగలు’ దించాడు. విశ్వనాథ సత్యనారాయణ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు 29 రోజుల్లో రాసిపెట్టాడని చెప్పుకునే నవల. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. తరవాత పి.వి. నరసింహారావు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. 29 రోజుల్లో చెప్పిన పుస్తకాన్ని ఇతగాడు 11 ఏళ్లు బీరువాలో పెట్టుకున్నాడు. రోజుకి 15 చొప్పున వెయ్యి పేజీలంటే 67 రోజులు, అంటే రెండు నెలల పైచిలుకు.

ఈ ఆదివారానికి కథానాయకుడు ధర్మారావుతో పాటు సుబ్బన్నపేటలో 210వ పేజీ దగ్గరున్నాడు.