చక్రం అంచున తెల్లపొడి

పోయిన నెల చంద్రపూర్ దగ్గరి పద్మాపూర్ పోయాను. అక్కావాళ్ల ఇంటి ముందు వేపచెట్టు నీడలో గోనెసంచి పరిచి, దాని మీద నాలుగు చక్రాలు వరసగా పెట్టి నాకోసం చూస్తున్నాడు మేనల్లుడు. ఒకప్పుడు రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు ఉన్న అల్లాయ్ వీల్స్. పుణేలో పాత సామాన్ల దగ్గర దొరికితే తెచ్చి తన కారుకు వేసుకున్నాడు. మూడు నెలలు తిరిగాడో లేదో, వారం వారం గాలి దిగిపోతోందని తీసేశాడు.

"మామా, హైదరాబాద్ తీస్కపోయి వీటికి మళ్ల క్రోమ్ ఎక్కిచ్చి తెస్తవా? నీకు చేతనైతదని అమ్మ చెప్పింది" అన్నాడు.

ఒక చక్రాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. టైరు అంచు కూర్చునే చోట బొటనవేలి గోరుతో గీరితే, ఎండిన అరటాకు పొరలాగా మెరుపు లేచి వచ్చింది. దాని కింద సున్నంలాంటి తెల్లపొడి. వేలితో నలిపితే మెత్తగా రాలింది. అదే అల్యూమినియం తుప్పు. ఇనుము తుప్పు ఎర్రగా కనబడి మనల్ని హెచ్చరిస్తుంది. ఇది పొర కిందే ఉండి, బుడగలాగా ఉబ్బి, ఒకరోజు పైపొరను తోసుకుని బయటికొస్తుంది. ఆ ఊడిన చోటే టైరుకూ చక్రానికీ మధ్య సందు ఏర్పడి గాలి పోతోంది.

నీళ్లు తగిలితే రెండు వేర్వేరు లోహాలు కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. నికెల్, క్రోమ్ గట్టిగా నిలబడతాయి, వాటి కిందున్న అల్యూమినియం కరిగిపోతుంది. సూదిమొనంత కన్నం చాలు. పద్మాపూర్ గాలిలో అలాంటి కన్నం దొరికితే ఇక చెప్పేదేముంది? ఒకవైపు బొగ్గు గని, మరోవైపు 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. రాత్రి మంచుకు బూడిద తడిసి చక్రాల మీద పేస్టులా అంటుకుంటుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన లెక్కలో చంద్రపూర్‌ది 83.88 మార్కులతో దేశంలో నాలుగో స్థానం. మార్కులు ఎక్కువ రావడం మంచిది కాని లెక్క అది. ఇక్కడ పెరిగినవాళ్లకు అంకెలు అక్కర్లేదు, ఉతికి ఆరేసిన తెల్లచొక్కా చాలు.

నాకు క్రోమ్ మొదట పరిచయమైంది ఈ ఊళ్లోనే. బాపు ఓపెన్‌కాస్ట్‌లో ఫిట్టర్. మా తాత బెల్లంపల్లి వైపు నుంచి బొగ్గు వెంటే ఇక్కడికొచ్చాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, గనిలో హిందీ. చిన్నప్పుడు ఒకసారి బాపుకు టిఫిన్ ఇవ్వడానికి వర్క్‌షాపుకు పోతే, నిలబెట్టిన డంపర్ తొట్టె కింద హైడ్రాలిక్ జాకీ రాడ్డు బయటికి సాగి ఉంది. ఆ బండి మీద నల్లబడని చోటు లేదు. రాడ్డు మాత్రం అద్దంలాగా మెరుస్తోంది. అందులో నా ముఖం సన్నగా, పొడుగ్గా కనబడింది. "ముట్టకురా, గీత పడితే నూనె కారుతది" అన్నాడు బాపు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రాడ్డు మీది క్రోమ్ వేరు, చక్రం మీది క్రోమ్ వేరు. రాడ్డుది పనిచేసే క్రోమ్. ఉక్కు మీద నేరుగా, పదుల మైక్రాన్ల మందం వేస్తారు. దుమ్ము రాపిడికి తట్టుకోవాలి కదా. చక్రాలకు, బండి హ్యాండిళ్లకు, నీళ్ల కుళాయిలకు వేసేది అర మైక్రాన్ దాటదు. తలవెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. ఈ సంగతి చెబితే చాలామంది నమ్మరు. మనం చక్రం మీద చూసి మురిసిపోయే అద్దం నిజానికి నికెల్‌ది. ఆ నికెల్ రంగు మారకుండా, గీతలు పడకుండా కాపలా కాస్తూ, తన నీలిఛాయ కాస్త అద్దేది క్రోమ్. 1924లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కోలిన్ ఫింక్, చార్లెస్ ఎల్‌డ్రిడ్జ్ ఈ పనిని పరిశ్రమకు పనికొచ్చేలా కుదిర్చారు. అంతకుముందు కార్ల మెరుపంతా నికెలే. తుడుస్తూ ఉండకపోతే పసుపుపచ్చగా మాసిపోయేది.

నేను బాలానగర్‌లో ఒక షెడ్డులో చేరినప్పుడు మా ఉస్తాద్ ఏడాది పాటు నన్ను క్రోమ్ తొట్టి దగ్గరికే రానివ్వలేదు. బఫింగ్, కడగడం, మళ్లీ కడగడం. అల్యూమినియం వస్తువు వస్తే మాత్రం పక్కన నిలబెట్టుకుని చూపించేవాడు. ఎందుకంటే ప్లేటింగ్ పనిలో అల్యూమినియమంత మొండిది లేదు. గాలి తగలగానే క్షణంలో తన మీద తానే ఆక్సైడ్ పొర కప్పేసుకుంటుంది. మనం గీకి తీసేస్తాం, నీళ్లలోంచి ఎత్తేలోపు మళ్లీ కప్పుకుంటుంది. ఆ పొర మీద ఏ లోహం వేసినా ఈరోజు అతుక్కున్నట్టే ఉంటుంది, రేపు ఊడుతుంది.

దీనికి మందు జింకేట్ అనే జింకు ద్రావణం. ముందు జిడ్డు పోవాలి. పోయిందని ఎలా తెలుస్తుంది? చక్రాన్ని నీళ్లలోంచి ఎత్తితే నీరు చుక్కలుగా చిట్లకూడదు, పల్చటి దుప్పటిలాగా మొత్తం కప్పి జారాలి. ఒక్కచోట చిట్లినా మళ్లీ మొదటికే. తర్వాత యాసిడ్. పోత పోసిన చక్రాల లోహంలో ఏడు శాతం దాకా సిలికాన్ ఉంటుంది. అల్యూమినియం కరిగినా అది కరగక నల్లటి మసిలాగా పైన మిగిలిపోతుంది. దాన్ని తీయడానికి ఫ్లోరైడ్ కలిపిన నైట్రిక్ కావాలి. చేతొడుగులో చిన్న కన్నమున్నా ఆ తొట్టి దగ్గరికి పోకూడదు.

అప్పుడు చక్రం జింకేట్‌లో మునుగుతుంది. కరెంటు అక్కర్లేదు. అల్యూమినియం తన మీది ఆక్సైడ్‌ను వదిలేసి, ఆ చోట జింకును తెచ్చుకుంటుంది. నిమిషం లోపే తీస్తాం. తీసి చూస్తే బూడిదరంగు మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కొత్తవాడికి అది చాలనిపిస్తుంది. ఉస్తాద్ ఆ జింకునంతా సగం నీళ్లు కలిపిన నైట్రిక్‌లో కరిగించేసేవాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది. మళ్లీ కడిగి, మళ్లీ జింకేట్, ఈసారి ముందుకన్నా తక్కువ సేపు. రెండోసారి వచ్చే పొర పల్చగా, ఒత్తుగా, అంతటా ఒకే నీలిబూడిద రంగులో వస్తుంది. తెల్లవారుజామున పావురం మెడ రంగు. ఆ రంగు కళ్లబడగానే చక్రం ఆరకముందే రాగి తొట్టిలోకి పోవాలి. అదీ కరెంటు పెట్టి ఉంచి దించాలి. ఆ తొట్టిలో సయనైడ్ ఉంటుంది. అందుకే యాసిడ్ చుక్క కూడా దాని దరిదాపులకు రానివ్వం.

రాగి మీద రెండు రకాల నికెల్ వేస్తాం. కింద కాస్త మసకది, పైన మెరిసేది. పైది తనను తాను ముందు బలిపెట్టుకుంటుంది. తుప్పు లోతుకు దిగకుండా రెండు నికెళ్ల మధ్య అడ్డంగా పాకిపోతుంది. ఈ ఏర్పాటు కనిపెట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు. చివరికి క్రోమ్, కొద్ది నిమిషాలు. పని మొత్తంలో అన్నిటికన్నా తక్కువ సమయం తీసుకునేదానికే పేరంతా.

ఆ కొద్ది నిమిషాల గురించి దాచకుండా చెప్పాలి. క్రోమ్ తొట్టిలో పెట్టిన కరెంటులో ఇరవై శాతం కూడా లోహంగా మారదు. మిగతాదంతా బుడగలే. ఆ బుడగలు పైకొచ్చి పగిలి, నారింజరంగు ద్రావణాన్ని సన్నటి తుంపరగా గాలిలోకి చల్లుతాయి. అందులో ఉండేది ఆరు వేలెన్సీల క్రోమియం, క్యాన్సర్ తెచ్చేది. మా ఉస్తాద్ ముక్కులో రెండు రంధ్రాల మధ్య గోడకు కన్నం పడింది. ఒకరోజు టార్చిలైటు వేసి నాకు చూపించాడు. నొప్పి లేదన్నాడు. నొప్పి లేకుండానే పడుతుంది ఆ కన్నం. ఆయన వయసులో ఉన్నప్పుడు పనిచేసిన చోట తొట్టి అంచున గాలి లాగే గొట్టం లేదు, ముఖానికి మాస్కు లేదు. కారు కొన్నవాళ్లెవరూ ఆ ముక్కును చూడలేదు. నాకు దీని మీద కోపం ఉంది, ఉండాలి కూడా.

కాలిఫోర్నియా 2023లోనే నిర్ణయం తీసుకుంది, అలంకారానికి ఈ రకం క్రోమ్‌ను 2027 నుంచి ఆపేయాలని. విషం తక్కువున్న మూడు వేలెన్సీల క్రోమ్ తొట్లు వచ్చాయి. మన దగ్గరా పెట్టేవాళ్లున్నారు. నా షెడ్డులో గాలి లాగే గొట్టాలున్నాయి, కడిగిన నీళ్లు కాలువలోకి పోవు. ఆ పసుపు నీళ్లలో యాసిడ్ వేసి, మెటాబైసల్ఫైట్ కలుపుతాం. గరిటె తిప్పుతుంటే పసుపు పోయి ఆకుపచ్చ తిరుగుతుంది, అప్పుడు విషం తగ్గినట్టు. సున్నం వేస్తే ఆ పచ్చదనం బురదగా అడుగున కూర్చుంటుంది. దాన్ని సంచులకెత్తి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతాం. దీనికి ఖర్చవుతుంది. మాకన్నా సగం ధరకు క్రోమ్ వేస్తామనేవాళ్లను నేను అడిగేది ఒకటే: మీ పసుపు నీళ్లు ఎటు పోతున్నాయి?

ఇదంతా వేపచెట్టు కింద వాడికి చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు. "అయితే చెయ్యవా మామా?" అన్నాడు చివరికి. ముందు పాతది ఒలిచి చూస్తానన్నాను. బల్లార్షాలో రైలెక్కించి చక్రాలు తెచ్చుకున్నాను.

క్రోమ్, నికెల్, రాగి, ఒక్కొక్కటే విప్పాం. మూడు చక్రాలు బాగానే ఉన్నాయి, తెల్లపొడి తిన్న గుంటలు తప్ప. నాలుగోదాని లోపలి వైపు, ఒక చువ్వ మొదట్లో, నాలుగు వేళ్లంత మేర లోహం రంగు వేరేగా ఉంది. ఎవరో వెల్డింగ్ చేసి, అరగదీసి, మీద ప్లేటింగ్ వేసి అమ్మేశారు. పగుళ్లున్నాయేమో చూడటానికి ఎర్రరంగు ద్రవం పూసి, పది నిమిషాలుంచి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాను. వెల్డింగ్ పక్కనే సన్నగా, ఎర్రగా ఒక గీత పైకి ఊరింది. వెంట్రుకంత గీత. మొహర్లీ రోడ్డు మీద వాడు ఆ చక్రంతో మూడు నెలలు తిరిగాడు, పక్కసీట్లో మా అక్కను కూర్చోబెట్టుకుని.

రాత్రే ఫోన్ చేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "కొత్తయి కొంటే, మామూలు పెయింటువి చాలు గదా మామా?" చాలన్నాను.

మిగతా మూడూ కరిగించడానికి పోయాయి. నాలుగోది షెడ్డులో కిటికీ కింద పెట్టాను, ఎర్రగీత తుడవలేదు. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి మొన్న ముందు దాన్నే చేతికిచ్చి, ఏం కనబడుతోందో చెప్పమన్నాను.