మాల్ఫీ డచెస్‌ను మలిచిన తీరు

జాన్ వెబ్‌స్టర్ రాసిన ‘ది డచెస్ ఆఫ్ మాల్ఫీ’లో నాయికకు పేరు లేదు. ఆదినుంచీ ఆమె డచెస్ మాత్రమే. కథ కూడా వెబ్‌స్టర్ సొంతం కాదు. 16వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీలో జరిగిన విషాదాన్ని బాండెల్లో అనే రచయిత కథగా రాశాడు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి విలియం పెయింటర్ కథల సంపుటిలోకి ఎక్కింది. పెయింటర్ ఆమెను గట్టిగానే తప్పుబట్టాడు. భర్త పోయిన రాచబిడ్డ, తన ఇంటి వ్యవహారాలు చూసే ఉద్యోగిని రహస్యంగా పెళ్లాడటం ఆయన కంటికి కామానికి లొంగిపోవడమే. వెబ్‌స్టర్ 1612-13 ప్రాంతంలో అదే కథను తీసుకుని, సంఘటనలను చాలావరకు అలాగే ఉంచి, డచెస్ చేతికి కొన్ని మామూలు వస్తువులిచ్చాడు. వాటితోనే తీర్పును తిరగరాశాడు. ఆయన తండ్రి లండన్‌లో గుర్రపు బగ్గీలు తయారుచేయించే మనిషి. అతుకు కనపడకుండా బిగించే పనితనం ఆ ఇంట్లో పుట్టినవాడికి కొత్త కాదు.

ముందు గౌను సంగతి చూద్దాం. ఆ రోజుల్లో ఇంగ్లండు రంగస్థలం మీద ఆడవేషాలన్నీ కుర్రాళ్లవే. 1623లో అచ్చయిన ప్రతిలో డచెస్ పాత్రకు షార్ప్ అనే నటుడి పేరుంది. స్థానం నరసింహారావు సత్యభామను తలచుకునే తెలుగువారికి ఇందులో వింతేమీ ఉండదు. కానీ ఇక్కడ ఆ కుర్రాడు గర్భిణిగా కనిపించాలి. రెండో అంకంలో డచెస్ వదులు గౌను వేసుకుంటుంది. గూఢచారి బోసోలా దాన్ని చూసి, ఇటలీ ఫ్యాషన్‌కు విరుద్ధంగా ఈ వదులు గౌనెందుకని అనుమానిస్తాడు. నటుడి శరీరాన్ని కప్పే బట్టే డచెస్ రహస్యాన్నీ కప్పుతోంది, బోసోలాకు ఆనవాలునూ ఇస్తోంది. అనుమానం తీర్చుకోవడానికి అతను అప్పుడే వచ్చిన ఆప్రికాట్ పళ్లు తెచ్చిస్తాడు. ఆమె ఆబగా తింటుంది. వాటిని గుర్రపు లద్దెలో మగ్గబెట్టారని తిన్నాక చెబుతాడు. ఆ కాసేపటికే నొప్పులు మొదలవుతాయి. బిడ్డ పుట్టబోతోందన్న వార్త ఎవరి నోటా రాకముందే, పండు తినే ఆత్రంలోనే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

ఉంగరం పని ఇంకా దూరం సాగుతుంది. మొదటి అంకంలో తన ఇంటి ఉద్యోగి ఆంటోనియో కన్ను ఎర్రబడిందని, తన ఉంగరం తాకిస్తే నయమవుతుందని డచెస్ దాన్ని అతని చేతికిస్తుంది. రెండో భర్తకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్న ఉంగరం అది. పెళ్లి ప్రస్తావన కంటి వైద్యం రూపంలో వచ్చిందన్నమాట. అతను మోకరిల్లితే తానే లేవనెత్తుతుంది. తెరచాటున ఉన్న దాసి కారియోలాను సాక్షిగా పిలిచి, మాటలతోనే పెళ్లి ముగిస్తుంది. మూడో అంకంలో లొరెటో క్షేత్రంలో అన్న కార్డినల్ ఆమె వేలినుంచి పెళ్లి ఉంగరాన్ని బలవంతంగా లాగేస్తాడు. ఇదంతా మూకాభినయం, చూస్తున్న యాత్రికులు మాత్రం మాట్లాడతారు. నాలుగో అంకంలో కవల సోదరుడు ఫెర్డినాండ్ దీపాలు తీసేయించి, ఉంగరం తొడిగిన శవం చేతిని చీకట్లో అందిస్తాడు. ఆమె దాన్ని ముద్దాడుతుంది. చెయ్యి చల్లగా ఉంటే, ప్రయాణ బడలికతో ఒంట్లో బాగాలేదేమోనని ముందు కంగారుపడుతుంది. దీపాలు తెమ్మనడం ఆ తర్వాతే. బ్లాక్‌ఫ్రయర్స్ శాలలో కొవ్వొత్తుల వెలుగున ఆడిన నాటకమిది. ఆ చీకటికి అక్కడ ఎంత బలముండేదో ఊహించవచ్చు.

ఇన్నిట్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పని పడకగది దృశ్యంలో ఉంది. పడుకోబోయే ముందు డచెస్ అద్దం తెప్పించుకుని తల దువ్వుకుంటుంది. జుట్టు చిక్కుపడుతోందంటుంది. ఆంటోనియో, కారియోలా ఆమెను ఆటపట్టిస్తూ చప్పుడు చేయకుండా బయటికి జారుకుంటారు. ఆమెకది తెలియదు. అద్దంలోకి చూస్తూ మాట్లాడుతూనే ఉంటుంది: జుట్టు నెరుస్తోంది, తనలా కనిపించడానికి కొలువంతా తలలకు పొడి రాసుకోవాల్సి వస్తుందేమో అని. ఆలోగా ఫెర్డినాండ్ లోపలికి వస్తాడు. భర్తతో చెబుతున్న సరసాలన్నీ కవల సోదరుడి చెవిన పడుతున్నాయి. బదులు రాకపోయేసరికి తిరిగి చూస్తుంది. అప్పుడు ఆమె గొంతు మారే తీరు గమనించాలి. చావైనా బతుకైనా రాజులాగే స్వీకరిస్తానని ఒక్క మాటలో చెబుతుంది. ఇంటి ఇల్లాలూ ఏలికా ఇద్దరూ ఒకే మనిషి అని వెబ్‌స్టర్ విడిగా చెప్పనక్కర్లేకపోయింది. దువ్వెన పట్టిన మనిషే ఆ మాట అంది కాబట్టి.

డచెస్ పక్కన నిలిపిన మిగతా ఇద్దరు స్త్రీలనూ తీసిపారేయకూడదు. కార్డినల్ ఉంపుడుగత్తె జూలియా అయిదో అంకంలో చేత పిస్తోలు పట్టుకుని బోసోలాను వలచానంటుంది. డచెస్ లాగే ఈమే ముందు అడిగింది. కానీ ఇక్కడ ఉంగరం లేదు, సాక్షి లేదు. చివరికి రహస్యం దాచమని ఒట్టేయిస్తూ కార్డినల్ ముందు పెట్టిన పుస్తకాన్ని ముద్దాడి, దానికి పూసిన విషంతో చనిపోతుంది. కారియోలా చావు మరోలా ఉంటుంది. ఉరితాడు చూసి గీరుతుంది, కరుస్తుంది, నాకు పెళ్లి కుదిరిందంటుంది, కడుపుతో ఉన్నానంటుంది. కొందరికి ఇది డచెస్ ధైర్యాన్ని పెంచి చూపడానికి పెట్టిన పిరికితనంలా తోస్తుంది. నాకలా అనిపించదు. బతకాలన్న కోరిక ఎంత బలమైనదో కారియోలా చూపకపోతే, అంతకు ముందే మోకాళ్ల మీద వంగి ఉరికి మెడ ఇచ్చిన యజమానురాలు ఏం వదులుకుందో మనకు తెలియదు.

ఆ చివరి క్షణాల్లోనూ డచెస్ కారియోలాకు ఇంటి పనే అప్పగిస్తుంది. చిన్నవాడికి జలుబు మందు పట్టించు, పాప చేత పడుకునే ముందు ప్రార్థన చెప్పించు అని. అప్పటికే మైనపు బొమ్మలు చూపి భర్తా బిడ్డలూ పోయారని నమ్మించారు కదా, ఈ మాటెలా పొసగుతుందని విమర్శకులు అడుగుతారు. అడగాల్సిందే. అయినా లెక్క సరిచేయడానికి ఆ వాక్యం తీసేయమంటే నేను ఒప్పుకోను.

నాయిక నాలుగో అంకంలోనే చనిపోతే అయిదో అంకం ఎలా నిలుస్తుంది? వెబ్‌స్టర్ అక్కడ మగవాళ్లను మిగిల్చాడు. ఫెర్డినాండ్ తోడేలునన్న భ్రమలో సమాధులు తవ్వుతాడు. బోసోలా ఎవరో తెలియక ఆంటోనియోను పొడుస్తాడు. కార్డినల్ అరిచినా సాయానికి ఎవరూ రారు. నాటకం ముగిసేటప్పుడు ఆంటోనియో స్నేహితుడు డీలియో డచెస్ పెద్దకొడుకును తీసుకొచ్చి వారసుడిగా నిలబెట్టమంటాడు, తల్లి హక్కు మీద.