క్వార్ట్జ్ మాకు కొత్త కాదు

మా కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, మారికుప్పం స్టేషన్‌లో పొద్దున్నే బెంగళూరు రైలెక్కేవాళ్లు రాత్రికి ఖాళీ క్యారియర్‌తో పాటు అక్కడి అపార్ట్‌మెంట్ల ముచ్చట్లు కూడా మోసుకొస్తారు. ఈమధ్య అలా వచ్చి చేరింది తెల్ల క్వార్ట్జ్ వంటగట్టు. ఇల్లు బాగు చేయించుకుంటున్న మా చెల్లెలూ అదే అడిగింది. "అక్కా, పాలలా తెల్లగా ఉంటుంది, మరక పట్టదంట. వేయించుకునేదా?"

పెరటి తలుపు తీసి చూడమన్నాను. అక్కడ కనిపించేది సైనైడ్ దిబ్బ. కేజీఎఫ్‌లో బంగారం దొరికింది క్వార్ట్జ్ రాతి పొరల్లోనే. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా ఆ రాతిని పైకి తోడారు, పొడి కొట్టారు, సైనైడ్ నీళ్లతో బంగారాన్ని లాగేసి మిగిలిందంతా గుట్టలు పోశారు. దాదాపు 800 టన్నుల బంగారం ఊరు దాటిపోయింది. గుట్టలు మాత్రం మాకే మిగిలాయి. గాలులు మొదలైతే మూత పెట్టని గిన్నెలో పడేది ఆ దుమ్మే.

అంగట్లో అమ్మే క్వార్ట్జ్ బండను ఏ కొండలోంచీ కోసి తీయరు. నూటికి తొంభై పాళ్లు క్వార్ట్జ్ రవ్వ, పొడి. మిగతాది రెజిన్ అనే జిగురు, రంగు. అన్నీ కలిపి ఫ్యాక్టరీలో అచ్చు పోస్తారు. మరక పట్టదన్న మాటలో అబద్ధం లేదు. చిక్కంతా వేడితోనే. సంగటి గెలికిన గిన్నెను పొయ్యి మీంచి దించి నేరుగా గట్టు మీద పెట్టే ఇళ్లు మావి. ఆ వేడికి జిగురు మాడి పసుపుపచ్చ మచ్చ పడితే ఎంత తోమినా పోదు.

చవకగా కావాలంటే కడప బండ ఉంది. కానీ అది సున్నపురాయి. పులుపు తగిలితే కరుగుతుంది. కోసిన నిమ్మచెక్కను బోర్లించి ఓ గంట మరిచిపోతే, తీసిన చోట మెరుపు చచ్చి గుండ్రటి మచ్చ తేలుతుంది. చింతపండు రసం ఒలికినా అంతే. పాలరాయిదీ అదే జాతి, అదే జబ్బు. కడప బండను గట్టు కింద ఆధారానికో, అరలకో వాడుకుంటే మేలు. మోయడంలో దానికి వంక పెట్టలేం.

నా ఓటు గ్రానైట్‌కే. వేడికి, పులుపుకు జంకని రాయి. దానికోసం దూరం పోనక్కర్లేదు. పక్కనే కుప్పం ఆకుపచ్చ రకం ఉంది. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ కావాలంటే ప్రకాశం జిల్లా చీమకుర్తిది. బెంగళూరు దగ్గర జిగని అంగళ్లలో అన్నీ వరసగా నిలబెట్టి ఉంటాయి. అయితే కంటికి నచ్చగానే అడ్వాన్స్ ఇచ్చేయకండి. నల్ల బండ అయితే గోళ్లరంగు తుడిచే ద్రావకంలో తెల్లగుడ్డ ముంచి గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడిందంటే రంగు పూసిన సరుకు. లేత రంగు బండ మీద నాలుగు నీటిచుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. చుక్క కింద రాయి ముదురు రంగుకు తిరిగితే రేపు నూనె కూడా అలాగే తాగుతుంది. సింకు కోసం కోసే చోట ముందువైపు మిగిలే సన్నటి పట్టీ దగ్గరే బండ విరుగుతుంది. దాని కింద ఆధారం పెట్టించాకే మేస్త్రీని కదలనివ్వండి.

ఇక అసలు సంగతి. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. ఇక్కడి గని కార్మికుల్లో ఆ జబ్బు ఎంతగా ఉందో డాక్టర్లు 1940ల్లోనే పరీక్షించి రాశారు. ఇప్పుడు అదే జబ్బు వంటగట్టు బండలు కోసే కుర్రాళ్లకు వస్తోంది. అందుకే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ అచ్చుబండల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. గ్రానైట్‌లోనూ ఆ సిలికా ఉంటుంది, కాకపోతే సాధారణంగా సగానికి లోపే. కాబట్టి గ్రానైట్ కొన్నాం కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు.

మా చెల్లెలు చివరికి కుప్పం బండే తీసుకుంది. మీరు ఏది కొన్నా ధరతో పాటు ఇంకో మాట అడగండి: నీళ్లు పోస్తూ కోస్తారా, ఎండు మిషన్ పెడతారా? సింకు రంధ్రం, అంచుల పని అంగట్లోనే నీటి మిషన్ మీద చేయించుకుని తెచ్చుకోండి. ఇంటి దగ్గర తప్పనిసరై కోయాల్సి వస్తే పైపు మీరే పట్టుకుని నీళ్లు పోయండి, కోసే అబ్బాయికి మంచి మాస్కు కొనివ్వండి. వంటగట్టు ఖర్చులో అదో లెక్కే కాదు.