క్యాథలిక్ విశ్వవిద్యాలయ విద్యలో నైతిక విలువలు: న్యూమన్ ప్రతిపాదన, జార్జ్‌టౌన్ అనుభవం – విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

చదువు వల్ల శీలం అలవడుతుందన్న నమ్మకం విద్యారంగంలో బలంగా ఉంది. క్యాథలిక్ విశ్వవిద్యాలయాలు నైతిక విలువల బోధనను తమ ప్రత్యేకతగా చెప్పుకుంటాయి. అయితే ఆ సంప్రదాయంలో విశ్వవిద్యాలయ విద్యను గురించి అందరికంటే లోతుగా ఆలోచించిన జాన్ హెన్రీ న్యూమన్ ఈ నమ్మకాన్ని యథాతథంగా అంగీకరించలేదు. ఆయన ప్రతిపాదనను, 1990 నాటి పోప్ శాసనాన్ని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. న్యూమన్ గీసిన హద్దు

ఐర్లండ్‌లో క్యాథలిక్ విశ్వవిద్యాలయ స్థాపనకు సన్నాహంగా న్యూమన్ 1852లో డబ్లిన్‌లో ఉపన్యసించారు. ఆ ప్రసంగాలే ‘ది ఐడియా ఆఫ్ ఎ యూనివర్సిటీ’ గ్రంథానికి మూలం. జ్ఞానానికి జ్ఞానమే ప్రయోజనమని ఆయన సిద్ధాంతం. ఉదార విద్య బుద్ధికి పదును పెడుతుంది, మర్యాద నేర్పుతుంది. అంతమాత్రాన ధర్మనిష్ఠను ఇవ్వదు. పైగా విద్యావంతుడిలో నీతి ఒక అభిరుచిగా మారిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు పాపభీతి పోయి, తన హోదాకు తగని పని చేశానన్న చిన్నతనం మాత్రమే మిగులుతుంది. ఈ లోటును పూరించడానికి విశ్వవిద్యాలయానికి శ్రీసభ తోడు అవసరమని న్యూమన్ భావించారు.

3. పోప్ శాసనం – ఒక పరిమితి

పోప్ రెండవ జాన్ పాల్ 1990 ఆగస్టు 15న వెలువరించిన ‘ఎక్స్ కోర్దే ఎక్లేసియే’ ఈ హద్దును విస్తరించింది. పరిశోధన పద్ధతులలోనూ ఫలితాలలోనూ నైతిక పర్యవసానాలను పరిగణించాలని కోరింది. ప్రజాభిప్రాయానికి రుచించకపోయినా అప్రియ సత్యాలను చెప్పే ధైర్యం విశ్వవిద్యాలయానికి ఉండాలని చెప్పింది. ఇది గొప్ప ఆదర్శమే. కాని ఆ సత్యాన్ని వినవలసినది ఇక్కడ బయటి సమాజం. అప్రియ సత్యం సంస్థ గతానికే చెందినదైతే ఏం చేయాలన్న ప్రశ్న మిగిలిపోతుంది.

4. జార్జ్‌టౌన్: విలువలకు పరీక్ష

1838లో అమెరికాలోని మేరీలాండ్ జెస్యూట్ గురువులు 272 మంది బానిసలను లూసియానాకు చెందిన కొనుగోలుదారులకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నారు. వచ్చిన సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కళాశాల అప్పులు తీర్చడానికి వెళ్లింది. కుటుంబాలను విడదీయరాదని, సొమ్మును అప్పులకు వాడరాదని రోమ్‌లోని జెస్యూట్ అధిపతి విధించిన షరతులు అమలు కాలేదు. అమ్మకం నడిపిన థామస్ ముల్లెడీ అంతకుముందు ఆ కళాశాల అధ్యక్షులు.

వీరికి నైతిక విద్య కొరవడలేదు. వీరే దాని బోధకులు. విద్య మాత్రమే ధర్మాన్ని ఇవ్వదన్న న్యూమన్ మాటను ఈ ఘటన బలపరుస్తుంది. అయితే ఆయన సూచించిన పరిష్కారాన్ని కూడా ప్రశ్నిస్తుంది. ఎందుకంటే అమ్మినవారు శ్రీసభ గురువులే.

2015లో విద్యార్థుల నిరసన తరువాత విశ్వవిద్యాలయం ఈ చరిత్రను బహిరంగంగా పరిశీలించింది. 2017లో వారసుల సమక్షంలో క్షమాపణ చెప్పి, ఒకప్పుడు ముల్లెడీ పేరిట ఉన్న భవనానికి అమ్మకపు పత్రంలోని మొదటి వ్యక్తి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టింది. 2019లో విద్యార్థులు మరో అడుగు వేశారు. వారసుల మేలు కోసం ప్రతి సెమిస్టర్‌కు 27.20 డాలర్ల రుసుము చెల్లించాలని ఓటు వేశారు. యాజమాన్యం రుసుముకు బదులు విరాళాల మార్గాన్ని ఎంచుకుంది. ఈ తేడా చిన్నది కాదు. విరాళం దాత ఇష్టం. రుసుము లబ్ధి పొందినవారు తీర్చవలసిన బాకీ. నైతిక విలువను బాధ్యతగా గ్రహించినవారు ఇక్కడ విద్యార్థులు.

5. ముగింపు

నైతిక విలువలు పాఠ్యప్రణాళికలో ఉండడం అవసరమే గాని, అది చాలదని జార్జ్‌టౌన్ చరిత్ర నిరూపిస్తున్నది. సంస్థ తన ఆదాయాన్ని, నియామకాలను, గతాన్ని అదే కొలమానంతో కొలుచుకున్నప్పుడే బోధనకు విశ్వసనీయత లభిస్తుంది. మానవ విలువలను పరీక్షాంశంగా బోధిస్తున్న మన కళాశాలలకు కూడా ఈ కొలమానం వర్తిస్తుంది. విద్యార్థి రాసిన జవాబుకు మార్కులు వేసే అధ్యాపకుడు, తాను పనిచేసే సంస్థను అదే ప్రశ్న అడగగల స్వేచ్ఛ ఉందా అన్నది పరిశోధకులు ముందుగా పరిశీలించవలసిన అంశం.