కన్నవారి నిర్ణయం – బిడ్డల భారం

తల్లిదండ్రులు తమ బ్రతుకును గురించి చేసుకునే నిర్ణయాల ఫలితం వారితోనే ఆగదు, సంతానానికీ సంక్రమిస్తుంది. హైదరాబాదు నేపథ్యంగా వెలువడిన రెండు నవలలు ఈ సత్యాన్ని రెండు వైపుల నుండి చూపుతాయి. ఒకటి నవీన్ తెలుగులో రచించిన ‘అంపశయ్య’ (1969). రెండవది జీలానీ బానో ఉర్దూలో రచించిన ‘ఐవానె గజల్’ (1976).

తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమే ‘అంపశయ్య’కు రంగస్థలం. పేద రైతు కుటుంబం నుండి వచ్చి, హాస్టలులో ఉంటూ ఎం.ఏ. చదువుతున్న రవి ఒక్క రోజు జీవితమే ఇందులోని కథ. కథ యావత్తూ అతని ఆలోచనల ప్రవాహంలోనే సాగుతుంది. కొడుకును చదివించాలన్నది ఊళ్ళోని కన్నవారి నిర్ణయం. లేమిలో ఆ నిర్ణయానికి ఎంత మూల్యం చెల్లించవలసి ఉంటుందో రవికి తెలుసు. కనుకనే చదువు అతనికి ఆనందం కాక, తీర్చవలసిన ఋణమైంది.

నవల పేరు గమనించదగినది. భారతకథలో అంపశయ్యపై ఒరిగిన భీష్ముడు, తండ్రి వివాహం కోసం రాజ్యాన్నీ సంసారాన్నీ వదులుకొన్న కొడుకు. ఇక్కడ త్యాగం చేసినవారు కన్నవారు. అయినా బాణాలు గుచ్చుకొన్నది కొడుకునే.

‘ఐవానె గజల్’లోని స్థితి వేరు. అది నిజాం పాలన చివరి దశలోని నవాబుల హవేలీ. సంపద, పరువు, కవితాభిరుచి అన్నీ అక్కడ ఉన్నాయి. కాని పెద్దల స్వార్థానికి చాంద్, గజల్ వంటి ఆ ఇంటి ఆడపిల్లలే బలి అవుతారు.

అయితే ఈ ఇద్దరు పెద్దలనూ ఒకే తరాజులో తూచడం న్యాయం కాదు. హవేలీ పెద్దలకు ఎన్నో దారులున్నాయి. రైతుకు ఉన్నది ఒక్కటే దారి. పైగా ‘అంపశయ్య’లో అంతా రవి మనసులోనే జరుగుతుంది గనుక కన్నవారి వైపు మాట మనకు నేరుగా వినిపించదు. ఇది ఆ శిల్పానికి బలమే గాక పరిమితి కూడా.

ఒక విషయంలో మాత్రం రెండు ఇళ్ళూ ఒకటే. బిడ్డ ఏం కోరుకొంటున్నదో అడిగినవారు లేరు. ఒకచోట స్వార్థం అడగనివ్వలేదు. మరొకచోట మమకారానికి ఆ ఊహే రాలేదు. సంతానాన్ని అమానత్‌గా భావించే పాఠకులు ఈ రెండవదాన్ని గురించే ఎక్కువగా ఆలోచించాలి. స్వార్థాన్ని ఎదిరించడానికి బిడ్డకు మాటలు దొరుకుతాయి, త్యాగాన్ని ఎదిరించడానికి దొరకవు.